గుండె నిబ్బరం: కల్నల్ సి.కె. నాయుడు

పోయిన సంవత్సరం అంతర్ కళాశాలల క్రికెట్ పోటీలో మన జట్టు సెమీఫైనల్లో ఓడిపోయింది. ఓడించింది ఎవరో కాదు, నేనే. గెలవడానికి నాలుగు పరుగులు కావాలి. చివరి మూడు బంతులూ నావే. చేతులు చల్లబడిపోయాయి, నోరు పిడచకట్టుకుపోయింది, బంతి ఎక్కడ పడుతోందో కూడా తెలియలేదు. మూడూ వృథా అయిపోయాయి. తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

మాది వ్యవసాయ కుటుంబం. కోతలైపోయిన చేలో ఆడేటప్పుడు నేను కొట్టిన బంతి పక్క ఊరి పొలిమేరలో వెతుక్కోవాల్సి వచ్చేది. అలాంటివాణ్ణి నలుగురు చూస్తుండేసరికి కొయ్యబారిపోయాను. ఎందుకిలా అయింది? ఈ ప్రశ్న వేధిస్తున్న రోజుల్లోనే మన లైబ్రరీలో నాయుడుగారి జీవితం గురించి చదివాను. పాఠక మిత్రులతో ఆ సంగతులు పంచుకోవాలని ఈ చిన్న ప్రయత్నం.

కనకయ్య నాయుడుగారు 1895 అక్టోబరు 31న నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టారు. 1916లో బొంబాయిలో హిందువుల జట్టు తరఫున యూరోపియన్ల మీద తొలి పెద్ద మ్యాచి ఆడారు. అప్పటికాయన నా ఈడువారే. ఆయన బ్యాటు పట్టుకుని దిగేసరికి జట్టు స్కోరు 79, అప్పటికే ఏడు వికెట్లు పడిపోయాయి. బౌలరు ఫ్రాంక్ టారంట్ ఆ రోజుల్లో పేరుమోసినవాడు. నాయుడుగారు మొదటి మూడు బంతులనూ నిదానంగా ఆపారు. నాలుగో దాన్ని సిక్సరు కొట్టారు. అందరూ సిక్సరును చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ ముందటి మూడు బంతులే గొప్పగా తోచాయి. నా మూడు బంతులు గుర్తుకొచ్చాయి మరి!

పదేళ్ళ తరువాత, 1926లో, గిల్లిగన్ నాయకత్వంలో ఇంగ్లండు నుంచి ఎం.సి.సి. జట్టు వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో గై ఎర్ల్ అనే ఆటగాడు సిక్సర్ల వర్షం కురిపించి 130 పరుగులు చేశాడు. అవతలివాడు అలా విరుచుకుపడితే మనవాళ్ళు బెదిరిపోవాలి గదా? మరునాడు, డిసెంబరు 1న, నాయుడుగారు 11 సిక్సర్లతో 153 పరుగులు చేసి బదులు చెప్పారు. ఎం.సి.సి. వారే మెచ్చి వెండి బ్యాటు బహూకరించారు.

1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో మన దేశం మొట్టమొదటి టెస్టు ఆడింది. పర్యటనకు కెప్టెను పోరుబందరు మహారాజు. ఆయన ఆ మ్యాచి నుంచి తప్పుకోవడంతో జట్టును నాయుడుగారు నడిపించారు. ఆ నాయకత్వం జట్టులోనే కొందరికి కిట్టలేదు. ఎదుట ఇంగ్లండు, వెనుక అసమ్మతి. పైగా ఫీల్డింగులో చేతికి గాయం. అయినా తొలి ఇన్నింగ్సులో 40 పరుగులతో అందరికన్నా ఎక్కువ చేసింది ఆయనే. మ్యాచి మాత్రం 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. కెప్టెనుగా ఆడిన నాలుగు టెస్టుల్లో ఆయన ఒక్కటీ గెలవలేదు. ఈ మాట దాచనక్కరలేదు. నిబ్బరం ఉన్నంత మాత్రాన గెలుపు రాసిపెట్టి ఉండదు.

1936లో కెప్టెను పదవి విజయనగరం మహారాజకుమారుడికి దక్కింది. నాయుడుగారు ఆయన కింద మామూలు ఆటగాడిగా వెళ్ళారు. ఓవల్ టెస్టులో ఆలెన్ వేసిన బంతి రొమ్ముకు బలంగా తగిలింది. ఆయన నిలదొక్కుకుని 81 పరుగులు చేశారు. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు అదే.

సైన్సు విద్యార్థిని గనుక దీనికి కారణం వెతికాను. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎలుకలకు కరెంటు షాకులిస్తూ పని నేర్పారు. పని కష్టమైనదైతే షాకు మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా అవి ఆలస్యంగా నేర్చుకున్నాయి. మధ్యస్థంగా ఉన్నప్పుడే త్వరగా నేర్చుకున్నాయి. తరువాతి మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీన్నే మనుషుల ఒత్తిడికీ అన్వయించారు. అంటే భయం బొత్తిగా లేకపోవడమూ మంచిది కాదు. అది హద్దు దాటితే మాత్రం ఒళ్ళు బిగుసుకుంటుంది, మనసు బంతిని వదిలి ఫలితం వెంట పరుగెడుతుంది. ఆ రోజు నాకు జరిగింది అదే. నేను చూస్తున్నది బంతిని కాదు, ఓడిపోయాక నా ముఖాన్ని.

ఇదంతా సెలవుల్లో మా నాన్నతో చెబితే పెద్దగా ఆశ్చర్యపోలేదు. వాన కోసం ఆకాశం చూస్తూ కూర్చుంటే దుక్కి సాగదని, అదును దాటక ముందే మన పని మనం చేసుకోవాలని అన్నాడు. ఆయన ఏనాడూ క్రికెట్ చూసినవాడు కాదు.

నాయుడుగారు హోల్కరు సైన్యంలో కల్నల్. ఆయన నాయకత్వంలో హోల్కరు జట్టు రంజీ ట్రోఫీని నాలుగుసార్లు గెలుచుకుంది. యాభై ఆరేళ్ళ వయసులో, 1951-52 సీజనులో, ఫాడ్కర్ బంతి తగిలి పళ్ళు ఊడిపోయినా క్రీజు వదలకుండా ఆడారు. 1953-54లో ఆంధ్ర జట్టుకూ నాయకత్వం వహించారు. 1956లో పద్మభూషణ్ అందుకున్నారు. అరవై దాటాక కూడా రంజీ ఆడి, 1967 నవంబరు 14న ఇండోరులో కన్నుమూశారు.

ఈ ఏడు మళ్ళీ జట్టులో చోటు దొరికింది. తొలి మ్యాచిలో దిగేసరికి చేతులు మళ్ళీ చల్లబడ్డాయి. గట్టిగా ఊపిరి తీసుకుని మూడు బంతులు ఊరకే ఆపాను. నాలుగోది సిక్సరేమీ కాలేదు లెండి, ఒక్క పరుగు వచ్చింది. మొత్తం చేసింది పద్నాలుగే. కానీ ఆడిన ప్రతి బంతీ కంటికి కనిపించింది.