కలియుగభీముడు

మల్లవిద్యలో దేశదేశముల పేరుగాంచిన కోడి రామమూర్తి నాయుడు మొదట వ్యాయామోపాధ్యాయుడు. ఆయన 1882వ సంవత్సరమున వీరఘట్టమున జన్మించెను. చిన్ననాడే తల్లిని గోల్పోయి, విజయనగరమున పినతండ్రి యింట పెరిగెను. చదువుకంటె సాముగరిడీలపై మక్కువ మెండు. మద్రాసులో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరమునకు మరలివచ్చి బాలురకు వ్యాయామము నేర్పెను.

ఆయన బలమునకు ప్రాణాయామము ఊతగా నిలిచినది. గాలి నిండుగా పీల్చినపుడు ఊపిరితిత్తుల క్రింది కండరపుపొర దిగును, ప్రక్కటెముకలు పైకిని ప్రక్కలకును విచ్చుకొనును, ఎద విశాలమగును. రామమూర్తి రొమ్మునకు ఇనుపగొలుసు బిగింపించుకొని, ఊపిరి పూరించి, దానిని తెంచెడివాడు. ఏనుగును ఎదపై నిలుపుకొనెడివాడు. పిదప సర్కసు స్థాపించి ఊరూర ఈ విద్య చూపెను, ఇంగ్లండునకును వెళ్లెను. ప్రజలాయనను కలియుగభీముడనిరి.

కడపటి దినములలో కాలికి రాచపుండు లేచి, ఆ కాలు తీసివేయవలసి వచ్చెను. అప్పుడాయన మత్తుమందు వలదని, ప్రాణాయామముతోనే ఆ బాధ నోర్చెనని చెప్పుదురు. 1942లో ఆయన పరమపదించెను. విశాఖపట్టణమున సముద్రతీరపు బాటలో ఆయన విగ్రహము కలదు. గొలుసు తెంచిన బలముకంటె, బాధలో చెదరని ఆ ఊపిరియే ఆ గురువు నేర్పిన పెద్దపాఠము.