జాన్ గిబ్బన్

జాన్ హేషమ్ గిబ్బన్ (సెప్టెంబరు 29, 1903 - ఫిబ్రవరి 5, 1973) అమెరికాకు చెందిన శస్త్రవైద్యుడు. శస్త్రచికిత్స జరిగేంతసేపు గుండె, ఊపిరితిత్తుల పనిని నిర్వహించే యంత్రాన్ని రూపొందించి, దాని సహాయంతో మనిషి గుండెకు తొలిసారి విజయవంతంగా శస్త్రచికిత్స చేశాడు.

తొలి జీవితం

గిబ్బన్ ఫిలడెల్ఫియాలో వైద్యుల కుటుంబంలో జన్మించాడు. 1927లో జెఫర్సన్ వైద్య కళాశాలలో పట్టా పొందాడు. ఆ తరువాత బోస్టన్‌లో పరిశోధన చేస్తున్నపుడు, ఊపిరితిత్తుల ధమనిలో రక్తపు గడ్డ అడ్డుపడిన ఒక మహిళను రాత్రంతా కనిపెట్టుకొని ఉండే బాధ్యత ఇతనిపై పడింది. ఆమె సిరలు ఉబ్బి, రక్తం నల్లబడుతూ ఉంటే చూస్తూ కూర్చోవడం తప్ప చేయగలిగినది లేకపోయింది. ఉదయం గడ్డను నిమిషాల వ్యవధిలో తొలగించినా ఆమె బ్రతకలేదు. ఆ నల్లని రక్తాన్ని బయటకు తీసి, ఆమ్లజనిని చేర్చి, బొగ్గుపులుసు వాయువును తొలగించి తిరిగి శరీరంలోకి పంపాలన్న ఆలోచన ఇతనికి ఆ రాత్రే కలిగింది.

యంత్ర నిర్మాణం

ప్రయోగశాల సహాయకురాలైన మేరీ హాప్కిన్సన్‌ను గిబ్బన్ 1931లో వివాహమాడాడు. పరిశోధనలో సగం శ్రమ ఆమెదే. ప్రయోగాలకు కావలసిన పిల్లులను గిబ్బన్ బోస్టన్ వీధులలో చేపముక్కలు ఎరవేసి పట్టుకొనేవాడు. 1935లో ఊపిరితిత్తుల ధమనిని మూసివేసిన పిల్లిని యంత్రంతో బ్రతికించగలిగారు. యుద్ధకాలంలో పని ఆగిపోయింది. ఆ తరువాత ఐబీఎం సంస్థ ఇంజనీర్లు తోడ్పడ్డారు. నిలువు తీగ జల్లెడలపై రక్తం పలుచని పొరలా జారుతూ ఆమ్లజనిని గ్రహించే ఏర్పాటు యంత్రంలో కీలకమైనది.

1952లో మొదటి రోగి, 15 నెలల పసిపాప, మరణించింది. గుండెలో ఉన్నదనుకొన్న రంధ్రం అసలు లేదు. లోపం మరొకచోట ఉంది. 1953 మే 6న 18 ఏళ్ళ యువతి గుండెలోని రంధ్రాన్ని మూసివేశాడు. 26 నిమిషాలు ఆమె ప్రాణం పూర్తిగా యంత్రంపైనే ఆధారపడింది. ఆమె 2000 సంవత్సరం వరకు జీవించింది. కానీ అదే జూలైలో ఇద్దరు చిన్నారులు మరణించడంతో గిబ్బన్ యంత్రాన్ని పక్కన పెట్టి, ఈ చికిత్సను మళ్ళీ చేపట్టలేదు. రెండు దశాబ్దాలకు పైగా శ్రమించిన పనిని ఇలా విడిచిపెట్టడం తేలిక కాదు. 1955 నుండి మేయో క్లినిక్‌లో జాన్ కిర్క్లిన్ ఆ యంత్రాన్నే మెరుగుపరచి విజయాలు సాధించాడు. 1968లో గిబ్బన్‌కు లాస్కర్ పురస్కారం లభించింది. 1973లో టెన్నిస్ ఆడుతుండగా గుండెపోటుతో మరణించాడు.

తరువాతి మార్పులు

గిబ్బన్ యంత్రంలో రక్తం, వాయువు నేరుగా తాకేవి. ఎక్కువసేపు నడిస్తే రక్తకణాలు, మాంసకృత్తులు దెబ్బతినేవి. అందుచేత రెంటి మధ్య పలుచని పొరను ఉంచే పరికరాలు 1950లలో మొదలయ్యాయి. 1980లలో బోలు పోగుల పరికరాలు వాటి స్థానాన్ని ఆక్రమించాయి. మిల్లీమీటరులో మూడవ వంతు మందం కూడా లేని వేలాది గొట్టాల లోపల వాయువు, వెలుపల రక్తం ప్రవహిస్తాయి. సూక్ష్మరంధ్రాలున్న పాలీప్రొపిలీన్ పోగులలోకి కొన్ని గంటల తరువాత రక్తద్రవం ఊరుతుంది. అందుకే రోజుల తరబడి సాగే ఎక్మో చికిత్సకు పాలీమిథైల్‌పెంటీన్ పోగులను వాడుతున్నారు. 2020లో గాయకుడు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యానికి చెన్నైలో ఈ చికిత్స చేసినపుడు ఎక్మో పేరు తెలుగువారందరికీ తెలిసింది.