ఆశ్రయపురం

శరణు కోరి వచ్చినవారిని కాపాడడం పరమధర్మమని మన పెద్దలు బోధించారు. పావురాన్ని రక్షించడానికి తన శరీరంలోని మాంసాన్నే కోసి ఇచ్చిన శిబి చక్రవర్తి కథ తెలుగువారందరికీ సుపరిచితం. అటువంటి ధర్మాన్ని ఇరవయ్యో శతాబ్దంలో, ఘోరమైన యుద్ధకాలంలో, ఒక గ్రామ ప్రజలందరితో కలిసి ఆచరించి చూపిన మహనీయుడు ఆండ్రే ట్రోక్మే. ఆయన రాజు కారు, సేనాని కారు. ఫ్రాన్సు దేశంలోని కొండల నడుమ ఒక చిన్న ప్రొటెస్టెంటు సంఘానికి కాపరి మాత్రమే.

ట్రోక్మే 1901 ఏప్రిల్ 7న ఉత్తర ఫ్రాన్సులోని సెయింట్ క్వెంటిన్ పట్టణంలో జన్మించారు. తండ్రి సంపన్నుడైన వస్త్ర పరిశ్రమాధిపతి. తల్లి జర్మన్ వనిత. పదేళ్ల ప్రాయంలోనే మోటారు ప్రమాదంలో తల్లిని పోగొట్టుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో తల్లి పుట్టిన దేశపు సైన్యం తండ్రి పుట్టిన దేశంపై దండెత్తింది. శత్రువనే మాటకు అర్థమేమిటన్న ప్రశ్న ఆ బాలుని మనస్సులో అప్పుడే మొలకెత్తింది. 1917లో జర్మన్ సైన్యం పట్టణ ప్రజలను ఖాళీ చేయించగా ఆయన కుటుంబం బెల్జియంకు తరలిపోయింది. నిన్నటి వరకు ఏ లోటూ ఎరుగని కలవారి బిడ్డ, ఒక్కసారిగా నిలువనీడ లేని శరణార్థి అయ్యాడు. ఆ అనుభవం ఆయనను జీవితాంతం విడిచిపెట్టలేదు. ఆయుధం పట్టనని వ్రతం పూనిన ఒక జర్మన్ సైనికునితో కలిగిన పరిచయం కూడా ఆయన హృదయంలో అహింసా బీజాన్ని నాటింది.

యుద్ధానంతరం ట్రోక్మే పారిస్‌లోను, న్యూయార్కులోను దైవశాస్త్రం అభ్యసించారు. న్యూయార్కులో పరిచయమైన మాగ్డా గ్రిల్లి అనే ఇటలీ యువతిని 1926లో వివాహమాడారు. కొంతకాలం ఉత్తర ఫ్రాన్సులోని కార్మికవాడలలో సేవ చేసి, 1934లో లె షాంబోన్ సూర్ లిన్యోన్ అనే గ్రామానికి కాపరిగా వచ్చారు. అది దక్షిణ ఫ్రాన్సులో సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. శీతకాలంలో మంచు దారులను మూసివేస్తుంది. అక్కడి రైతులలో అధికులు ప్రొటెస్టెంట్లు. 1685లో పద్నాలుగో లూయీ తమ మతాన్ని నిషేధించినపుడు, వారి పూర్వీకులు అడవులలో రహస్యంగా ఆరాధనలు జరుపుకొన్నారు. పాలకుల ఆజ్ఞ కంటె అంతరాత్మ ప్రబోధమే మిన్న అనే భావన ఆ నేలలో తరతరాలుగా జీర్ణించి ఉంది. ట్రోక్మే 1938లో తోటి కాపరి ఎడ్వార్ తేయిస్‌తో కలిసి అక్కడ ఒక పాఠశాలను స్థాపించారు.

1940 జూన్‌లో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయింది. సంధి కుదిరిన మరునాడే ట్రోక్మే, తేయిస్‌లు ఆలయ వేదికపై నుండి తమ సంఘానికి కర్తవ్యాన్ని ఉపదేశించారు. అంతరాత్మకు విరుద్ధమైన ఆజ్ఞలను ఆత్మబలంతోనే ఎదిరించాలని, అయితే ఎవరినీ ద్వేషించరాదని దాని సారాంశం. ఆ ఉపదేశానికి పరీక్షా సమయం త్వరలోనే వచ్చింది. ఆ శీతకాలంలో ఒకనాడు జర్మనీ నుండి పారిపోయి వచ్చిన ఒక యూదు స్త్రీ, మంచులో తడిసి, కాపరి ఇంటి తలుపు తట్టింది. మాగ్డా ఆమెను లోనికి ఆహ్వానించి అన్నం పెట్టింది. ఆమెకు అవసరమైన పత్రాల కోసం గ్రామాధికారిని ఆశ్రయించగా, ఆయన నిరాకరించి ఆమెను పంపివేయమన్నాడు. అధికారుల అనుమతి కోసం వేచి ఉంటే ప్రాణాలు నిలువవని ఆ దంపతులు గ్రహించారు.

నాటి విషీ ప్రభుత్వం విదేశీ యూదులను గూర్స్, రివ్‌సాల్ట్ మొదలైన నిర్బంధ శిబిరాలలో ఉంచింది. వారికి సహాయపడాలని ట్రోక్మే మార్సెయి నగరానికి వెళ్లి, క్వేకరు సంఘం వారిని కలిశారు. శిబిరాల నుండి పిల్లలను విడిపించగలిగినా, వారిని ఉంచుకునే ఊరు దొరకడం లేదని వారు తెలిపారు. బైబిలులో చెప్పిన ఆశ్రయపురం వలె తన గ్రామమే నిలవాలని ట్రోక్మే సంకల్పించారు. సంఘపెద్దలు అంగీకరించారు. క్వేకర్ల సహాయంతోను, స్విట్జర్లాండు నుండి వచ్చిన విరాళాలతోను పిల్లల వసతి గృహాలు వెలిశాయి. రైతులు తమ కొట్టాలలో, అటకలపై శరణార్థులకు చోటిచ్చారు. 1939లో ఏర్పడిన సిమాద్ అనే ప్రొటెస్టెంటు సేవాసంస్థ కార్యకర్తలు ఎందరినో సరిహద్దు దాటించి స్విట్జర్లాండుకు చేర్చారు. అసత్యం పలకడం ట్రోక్మే స్వభావానికి విరుద్ధం. కాని, మారుపేర్లతో తయారైన గుర్తింపు పత్రాలు లేనిదే శరణార్థులు బ్రతికే మార్గం లేదు. ఆ ధర్మసంకటం ఆయనను తీవ్రంగా బాధించింది.

1942 ఆగస్టులో పోలీసులు బస్సులతో వచ్చి, గ్రామంలోని యూదుల పేర్లు తెలపాలని ఆదేశించారు. తన దృష్టిలో అందరూ మనుషులేనని, ఆశ్రితులను అప్పగించే కాపరి కాపరే కాడని ట్రోక్మే స్పష్టం చేశారు. పోలీసులు ఇంటింటా గాలించినా బహుకొద్దిమందే చిక్కారు. మిగిలినవారు అడవులలో దాగి రక్షణ పొందారు.

1943 ఫిబ్రవరి 13న ట్రోక్మే, తేయిస్, పాఠశాల ప్రధానోపాధ్యాయుడు రోజే డార్సిసాక్‌లను నిర్బంధించారు. సుమారు ఒక నెల తరువాత, ప్రభుత్వాధినేత మార్షల్ పెటైన్ ఆజ్ఞలకు లోబడి ఉంటామని సంతకం చేస్తే విడుదల చేస్తామన్నారు. చేవ్రాలు చేసిన మరుక్షణం భార్యాబిడ్డలను చేరవచ్చు. అయినా కాపరులిద్దరూ నిరాకరించారు. ఆ ఆజ్ఞలలో శరణార్థులను అప్పగించడం కూడా ఉన్నదని వారు ఎరుగుదురు. ఆశ్చర్యకరంగా మరునాడే వారు విడుదలయ్యారు.

అయితే, కరుణకు మూల్యం చెల్లించక తప్పలేదు. అదే సంవత్సరం జూన్ 29న జర్మన్ రహస్య పోలీసులు ఒక విద్యార్థి వసతి గృహంపై దాడి చేశారు. దాని బాధ్యత వహిస్తున్న డానియెల్ ట్రోక్మే, ఆండ్రేకు దాయాది సోదరుడు, తన విద్యార్థులతో పాటు బందీ అయ్యాడు. 1944లో మైదనెక్ నిర్బంధ శిబిరంలో ప్రాణాలు విడిచాడు. ఆండ్రే కూడా ప్రాణాపాయం వల్ల నెలల తరబడి అజ్ఞాతవాసం గడపవలసి వచ్చింది. ఆ కాలంలో మాగ్డా, గ్రామ ప్రజలు సేవాదీపం ఆరిపోకుండా కాపాడారు.

ఆ పీఠభూమిలో ఆశ్రయం పొందినవారు సుమారు 5,000 మంది అని, వారిలో అధికులు యూదులని ఒక అంచనా. ఈ సంఖ్యపై చరిత్రకారులలో భిన్నాభిప్రాయాలున్నాయి. యుద్ధానంతరం ట్రోక్మే దేశాల మధ్య సామరస్యం కోసం కృషి చేశారు. 1971 జూన్ 5న జెనీవాలో కన్నుమూశారు. అదే సంవత్సరం ఇజ్రాయెల్ దేశపు యాద్ వాషెమ్ సంస్థ ఆయనను యూదులను రక్షించిన ధర్మాత్ములలో ఒకరిగా గుర్తించింది. 1990లో ఆ గ్రామ ప్రజలందరికీ అటువంటి గౌరవమే లభించింది.

ఆ సంప్రదాయం ట్రోక్మేతో అంతరించలేదు. సిమాద్ సంస్థ నేటికీ ఫ్రాన్సులో శరణార్థుల హక్కుల కోసం పాటుపడుతున్నది. నెదర్లాండ్స్‌లో ఆరాధన జరుగుతున్నంతసేపు పోలీసులు ఆలయంలో ప్రవేశించరు. అందువల్ల 2018-19లో హేగ్ నగరంలోని ఒక చర్చి, దేశం నుండి పంపివేయబడనున్న ఒక కుటుంబం కోసం 96 రోజులు రేయింబవళ్లు ఆరాధన కొనసాగించి వారిని కాపాడింది. ఆలయానికి గోడల వల్ల గాక, తెరచిన తలుపు వల్లనే పవిత్రత కలుగుతుందని ట్రోక్మే జీవితం మనకు తెలియజేస్తున్నది.