ట్రాక్టరు వెనుక మూడు చేతులు: హారీ ఫెర్గూసన్ జీవితం

మా విచారణలో ఎవరైనా కొత్త ట్రాక్టరు కొంటే ఇంటికి తోలుకుపోయే ముందు గుడి దగ్గర ఆపుతారు. బానెట్టు మీద బంతిపూల దండ ఉంటుంది. షోరూము వాళ్ళు సీటుకి తొడిగిన ప్లాస్టిక్ కవరు ఇంకా తీసి ఉండరు. ప్రార్థన చెప్పి తీర్థజలం చల్లడం పూర్తయ్యేసరికి అక్కడ చేరిన పెద్దల మధ్య వాదన మొదలవుతుంది. ఎర్ర బండి మంచిదా, నీలం బండి మంచిదా? తన తండ్రి ఇరవై ఏళ్ళు మాసీ తోలాడు కనుక తనకి మరో బండి అక్కరలేదని ఒకాయన అంటాడు. రేగడి దుక్కికి ఫోర్డును మించింది లేదని ఇంకొకాయన లేస్తాడు. రాజకీయ పార్టీల గురించి కూడా ఇంత పట్టుదలగా వాదించుకోగా నేను వినలేదు. మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో అది చిన్న మాట కాదని పాఠకులకు తెలుసు.

కొన్నేళ్ళ క్రితం ఇక్కడి ఇద్దరు అన్నదమ్ములలో చిన్నవాడు, ఒక కంపెనీ అప్పుడే విడుదల చేసిన సరికొత్త మోడలు కొన్నాడు. ఆ కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. మూడెకరాల పత్తిచేను బ్యాంకులో తనఖా పెట్టాడు. తొలకరి పడగానే గొర్రు తగిలించి చేలోకి దిగితే, లిఫ్టు ఎత్తిన గొర్రు పైన నిలవకుండా మెల్లగా కిందికి జారిపోసాగింది. మెకానిక్కు వచ్చి విప్పి చూశాడు గాని, కావలసిన సామాను గుంటూరు కొట్లలో దొరకలేదు. కొత్త మోడలు కావడంతో దాని విడిభాగాలు ఇంకా ఎవరి దగ్గరకీ రాలేదట. పదకొండు రోజులు బండి వేపచెట్టు కిందే ఉంది. చుట్టుపక్కల చేలల్లో విత్తనాలు పడ్డాయి, నేలలో పదును ఆరిపోతోంది. చివరికి అన్న బాడుగ ట్రాక్టరు తెచ్చి తమ్ముడి చేను దున్నించాడు. కొత్త మోడలు మొదటి ఏడాది కొనవద్దని అన్న ముందే చెప్పి ఉన్నాడు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తకపోవడమే తనని ఎక్కువ బాధపెట్టిందని చిన్నవాడు తరవాత నాతో చెప్పాడు.

ఆ సంగతి గుర్తొచ్చి, అసలు ఆ లిఫ్టును మనకిచ్చిన మనిషి గురించి ఈ వారం రాయాలనిపించింది. గుడి ముందు వాదించుకునే వాళ్ళ ఎర్ర బండ్లకీ నీలం బండ్లకీ వెనక ఉన్నవి ఆయన మూడు చేతులే. ఆయన పేరు హారీ ఫెర్గూసన్. మాసీ ఫెర్గూసన్ అనే పేరులో రెండో సగం ఆయనదే.

ఐర్లండు ఉత్తర భాగంలోని డౌన్ కౌంటీలో గ్రోవెల్ అనే పల్లెలో 1884 నవంబరు 4న ఫెర్గూసన్ పుట్టాడు. రైతు కుటుంబం. పదకొండు మంది పిల్లల్లో నాలుగోవాడు. తండ్రి ప్లిమత్ బ్రెద్రెన్ అనే ప్రొటెస్టెంటు శాఖకు చెందినవాడు, ఇంట్లో నియమనిష్ఠలు కఠినంగా ఉండేవి. కొడుక్కి ఆ క్రమశిక్షణ మిగిలింది గాని విశ్వాసం మిగలలేదు. దేవుడి సంగతి మనిషికి తెలియదనే వాళ్ళలో ఒకడయ్యాడు. గురువునైన నాకు ఇది రాయడం ఇష్టమైన పని కాదు. కాని ఒకరి జీవితం చెప్పేటప్పుడు మనకి నచ్చినవే ఏరుకోవడం న్యాయం కాదు కదా.

పొలం పని అతనికి పడలేదు. 1902లో కెనడా వెళ్ళిపోదామనుకుంటుండగా, బెల్ఫాస్టులో కార్లు బాగుచేసే షాపు పెట్టిన అన్న జో తన దగ్గరకి రమ్మన్నాడు. అక్కడ ఇంజన్లు విని జబ్బు చెప్పగల నేర్పు సంపాదించాడు. విమానం తయారు చేయాలన్న పిచ్చి పట్టి, 1909 డిసెంబరు 31న హిల్స్‌బరోలో తాను కట్టిన విమానాన్ని తానే సుమారు 130 గజాల దూరం ఎగరేశాడు. ఐర్లండులో విమానం ఎగరేసిన మొదటి మనిషి అతనే. 1911లో సొంత వ్యాపారం, 1913లో మౌరీన్ వాట్సన్‌తో వివాహం. వారికి ఒక్కతే కూతురు.

మొదటి ప్రపంచ యుద్ధంలో తిండిగింజలకు కరువొచ్చింది. 1917లో ఐర్లండు వ్యవసాయ శాఖ రైతుల దగ్గర ఉన్న ట్రాక్టర్లు, నాగళ్ళు ఎలా పనిచేస్తున్నాయో చూసి సరిచేసే పని ఫెర్గూసన్‌కు అప్పగించింది. విల్లీ సాండ్స్ అనే తన నమ్మకమైన మెకానిక్కును వెంటబెట్టుకుని ఊరూరా తిరిగాడు. పొలం వద్దని పారిపోయినవాడు మళ్ళీ పొలంలోకే వచ్చిపడ్డాడు!

ఆనాటి ట్రాక్టర్లను ఎద్దుల స్థానంలో కట్టేవారు. బండి ముందు, దాని వెనక కొక్కెంతో తగిలించిన నాగలి. నాగలి మొన ఏ బండరాయికో చెట్టు వేరుకో తట్టుకుంటే ఎద్దులైతే ఆగుతాయి. ఇంజను ఆగదు. వెనక చక్రాలు తిరగలేక, ఇరుసు చుట్టూ బండి ముందు భాగమే పైకి లేచి, డ్రైవరు మీద వెల్లకిలా పడేది. ఫోర్డుసన్ అనే ప్రసిద్ధ ట్రాక్టరు కింద ఇలా నలిగిపోయిన డ్రైవర్లు చాలామంది.

లోపం బండిలోనో నాగలిలోనో కాదనీ, ఆ రెంటినీ వేరువేరు వస్తువులుగా చూడడంలో ఉందనీ ఫెర్గూసన్ కనిపెట్టాడు. సెమినరీలో తత్వశాస్త్రం చదివేటప్పుడు, శరీరం నుంచి వేరైన చెయ్యి పేరుకే చెయ్యి అన్న అరిస్టాటిల్ వాదన మాకు చెప్పేవారు. ఫెర్గూసన్ అరిస్టాటిల్‌ను చదివాడో లేదో గాని, అదే పని ఇనుముతో చేశాడు. కింద రెండు చేతులు, పైన ఒక చెయ్యి. ఈ మూడూ నాగలిని పట్టుకుంటే అది బండి శరీరంలో భాగమవుతుంది. నాగలికి నేల ఎదురు తిరిగినప్పుడు కింది చేతులు లాగుతాయి, పై చెయ్యి ముందుకి నెడుతుంది, ముందు చక్రాలు పైకి లేవకుండా ఉంటాయి. పై చేతిమీద పడే ఒత్తిడినిబట్టి ఆయిలు పంపు నాగలిని కొంచెం ఎత్తుతూ దించుతూ లోతు సరిచూస్తుంది. నాగలిని బండికి ఇలా కలిపే పద్ధతికి 1926లో పేటెంటు వచ్చింది. నల్లరంగు వేసిన తొలి నమూనా ట్రాక్టరు 1933లో సిద్ధమయింది.

1936లో హడర్స్‌ఫీల్డు పట్టణంలో గేర్లు తయారుచేసే డేవిడ్ బ్రౌన్ కంపెనీ ఆ ట్రాక్టరును మార్కెట్టులోకి తెచ్చింది. ఆలోచన గొప్పదే, బండిలోనే చిక్కులున్నాయి. ఆయిలు పంపు బండి కదులుతున్నంతసేపే తిరిగేది. అంటే బండి ఆగితే నాగలి పైకి లేవదు. చేను గట్టు దగ్గర ఆగి నాగలి ఎత్తి తిప్పుకునే అలవాటున్న ఏ రైతుకైనా ఇది ఎంత చికాకో చెప్పనక్కరలేదు. సుమారు మొదటి 500 బండ్లకు బయటి కంపెనీ ఇంజను పెట్టారు, తరవాత సొంత ఇంజనుకు మారారు. ధర 224 పౌండ్లు. ఫోర్డుసన్ అంతకంటే చాలా చవకగా వచ్చేది. పైగా ఇంట్లో ఉన్న పాత నాగళ్ళేవీ దీనికి పనికిరావు. ఒక్కొక్క పనిముట్టూ కొత్తగా కొనాలి. ఫోర్డుసన్ రైతులు ఫోర్డుసన్ వదల్లేదు. వాళ్ళది వట్టి మొండితనమని ఫెర్గూసన్ అనుకున్నాడు. నాకలా అనిపించదు. ఇంటి మీద అప్పు పెట్టి కొనేవాడు తెలిసిన లోపాన్ని భరిస్తాడు గాని తెలియని లోపాన్ని నమ్మలేడు.

ఫెర్గూసన్ తన పద్ధతి మార్చడానికి ఒప్పుకోలేదు. దానికి బదులు పొలాల్లో ప్రదర్శనలిచ్చాడు. చిన్న మడి చుట్టూ తాడు కట్టించి, ఆ తాడు లోపలే బండిని తిప్పుతూ మూలలతో సహా దున్ని చూపించేవాడు. జనం అబ్బురపడేవారు, ఇళ్ళకి వెళ్ళిపోయేవారు. సుమారు 1,350 బండ్లు తయారయ్యాక డేవిడ్ బ్రౌన్‌తో పొత్తు చెడింది. అమ్ముడుపోని బండ్లు ఫ్యాక్టరీలో నిలిచి ఉన్న భాగస్వామి కష్టం ఫెర్గూసన్‌కు పట్టలేదనే చెప్పాలి. మేధావులతో వ్యాపారం చేసినవాళ్ళ అదృష్టం ఇలాగే ఉంటుంది కాబోలు.

1938 అక్టోబరులో ఒక బండిని ఓడలో వేసుకుని అమెరికా వెళ్ళి హెన్రీ ఫోర్డుకు చూపించాడు. ఫోర్డు ముచ్చటపడ్డాడు. ఇద్దరు పెద్దమనుషులు చేతులు కలుపుకున్నారు, కాగితం రాసుకోలేదు. 1939లో కొత్త ట్రాక్టరు బయటికొచ్చింది. పంపు అమరిక మారింది, బండి ఆగి ఉన్నా నాగలి లేచేది. తొందరలో బానెట్టు రేకులు నొక్కే అచ్చులు సిద్ధంకాక, మొదటి కొన్ని వందల బండ్లకి అల్యూమినియం బానెట్లు పోతపోసి బిగించారు. 1947 నాటికి 3 లక్షలకు పైగా ట్రాక్టర్లు తయారయ్యాయి. ఆ ఏడాదే హెన్రీ ఫోర్డు మరణించాడు. అప్పటికే కంపెనీ పగ్గాలు పట్టిన మనవడు ఆ చేతి ఒప్పందాన్ని రద్దు చేసి, ఫెర్గూసన్ పద్ధతిని మాత్రం తన బండ్లలో ఉంచుకున్నాడు. ఫెర్గూసన్ 1948లో 25 కోట్ల డాలర్లకు పైగా దావా వేశాడు. నాలుగేళ్ళు నడిచిన ఆ వ్యాజ్యం 1952లో 92.5 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది.

ఈలోగా ఇంగ్లండులోని కవెంట్రీలో, యుద్ధకాలంలో విమానాల ఇంజన్లు చేసిన ఫ్యాక్టరీలో, 1946లో ఫెర్గూసన్ పేరుతో బూడిదరంగు ట్రాక్టరు తయారవడం మొదలయింది. 1956 దాకా 5 లక్షల 17 వేలకు పైగా బండ్లు వచ్చాయి. రైతులు దాన్ని ఇంట్లో మనిషిలా ప్రేమించారు. ఆ ప్రేమ రంగుని చూసి పుట్టింది కాదు. ఫెర్గూసన్ ఈసారి బండి అమ్మి ఊరుకోలేదు. కవెంట్రీ దగ్గర స్టోన్‌లీలో బడి పెట్టి రైతులకూ మెకానిక్కులకూ డీలర్లకూ శిక్షణ ఇప్పించాడు. రోజువారీ సర్దుబాట్లకు వాడే నట్లు రెండే సైజులు. రెండు నోళ్ళున్న ఒక్క పానా బండితోపాటు ఇచ్చేవారు. దాని మీద అంగుళాల గీతలు కూడా ఉండేవి, నాగలి కొలత సరిచూసుకోవడానికి. ఆ పానా ఇప్పటికీ దాచుకున్న కుటుంబాలు ఆ దేశంలో ఉన్నాయి.

1953లో కెనడాకు చెందిన మాసీ హారిస్ కంపెనీలో ఫెర్గూసన్ తన వ్యాపారాన్ని కలిపేశాడు. ధరలో 10 లక్షల డాలర్ల తేడా వస్తే నాణెం ఎగరేసి తేల్చుకున్నారు. ఫెర్గూసన్ ఓడిపోయాడు, నవ్వుతూ ఒప్పుకున్నాడు. కలిసిన తరవాత తమాషా మొదలయింది. మాసీ వాళ్ళది ఎరుపు, ఫెర్గూసన్ వాళ్ళది బూడిదరంగు. కంపెనీ ఒక్కటే అయినా కొన్నేళ్ళ పాటు ఎర్ర డీలరు, బూడిద డీలరు ఒకరి మీద ఒకరు పోటీపడి అమ్ముకున్నారు. రైతులూ అలాగే రెండు వర్గాలుగా ఉండిపోయారు. ఫెర్గూసన్ మాత్రం మరుసటి ఏడాదే పదవి వదిలి బయటికొచ్చాడు.

ఆయన వెళ్ళాక 1956లో ఇంగ్లండులో వచ్చిన 35 మోడలులో మళ్ళీ పాత కథే. దాని డీజిలు ఇంజను చలి ఉదయాల్లో స్టార్టు కాక రైతుల్ని ఏడిపించింది. కంపెనీ 1959లో పెర్కిన్స్ అనే ఇంజన్ల సంస్థను కొనేసి, మూడు సిలిండర్ల ఇంజను పెట్టాక గాని ఆ మోడలు కుదుటపడలేదు. మన వాళ్ళకి ఈ సంగతి తెలియకపోవడానికి కారణముంది. మద్రాసులో టాఫే కంపెనీ స్థాపన 1960లో జరిగింది. మన రైతులు ఎరిగిన మాసీ 1035లో ఉన్నది మద్రాసు సింప్సన్ వారి మూడు సిలిండర్ల ఇంజను. మొదటి ఏడాది దెబ్బలు ఎవరో ఇంగ్లండు రైతులు తిన్నారు, నమ్మకం మన పల్నాడు రైతుకి దక్కింది.

ఫెర్గూసన్ ట్రాక్టరు చేరిన దూరాల్లో విచిత్రమైనది మంచు ప్రదేశం. ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ ఆ ఫెర్గూసన్ ట్రాక్టర్లకే చక్రాల చుట్టూ గొలుసు పట్టాలు బిగించి, 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరాడు. మోటారు బండ్ల మీద నేలమార్గాన అక్కడికి చేరిన మొదటి బృందం అదే. దుక్కి కోసం పుట్టిన బండి!

చివరి సంవత్సరాల్లో ఫెర్గూసన్‌ను మనోవ్యాకులత పీడించింది. నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే కార్ల మీద డబ్బూ ఆరోగ్యమూ ఖర్చుపెట్టాడు గాని, ఏ పెద్ద కంపెనీ వాటిని తీసుకోలేదు. 1960 అక్టోబరు 25న తన ఇంట్లో మరణించి కనిపించాడు. నిద్రమందు మోతాదు మించింది. తెలిసి తీసుకున్నాడో పొరపాటో విచారణాధికారులు తేల్చలేకపోయారు. వాళ్ళు తేల్చనిదాన్ని మనం తేల్చనక్కరలేదు. మరుసటి ఏడాది ఆయన కంపెనీ చేసిన నాలుగు చక్రాల రేసు కారు ఇంగ్లండులో ఒక పెద్ద పందెం గెలిచింది.

పేటెంట్ల గడువు తీరాక ఆ మూడు చేతులు అందరి సొత్తయ్యాయి. ఫోర్డుతో దావా వేసినవాడి లింకేజీ ఎస్కార్ట్సు వారి ఫోర్డు బండ్ల వెనక మన ఊళ్ళకి వచ్చింది. ఐషర్, మహీంద్రా, స్వరాజ్, దేని వెనక చూసినా అదే.

మా విచారణలోని చిన్నవాడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ వర్షాకాలం పోయాక కంపెనీ లిఫ్టు పెట్టె మొత్తం ఉచితంగా మార్చి ఇచ్చింది. సామాను వచ్చిన రోజున మెకానిక్కు రాత్రి పదింటికి బస్సు దిగి, టార్చిలైటు పెట్టుకుని బిగించి వెళ్ళాడు. ఆరేళ్ళ తరవాత చిన్నవాడు మళ్ళీ ట్రాక్టరు కొన్నాడు. అదే కంపెనీ, కాని అప్పటికి మూడేళ్ళుగా ఊళ్ళో తిరుగుతున్న మోడలు. గుడి దగ్గరికి గొర్రు తగిలించే తెచ్చారు. నేను ప్రార్థన ముగించేదాకా అన్న దండం పెట్టుకుని నిలబడ్డాడు. తరవాత వెనక్కి వెళ్ళి, గొర్రు పైకి ఎత్తించి, ఇంజను ఆపించి, కర్రు కింద ఒక ఇటుక పెట్టాడు. ఇటుకకీ కర్రుకీ మధ్య బెత్తెడు సందు. మేమంతా లోపలికి వెళ్ళి కాఫీలు తాగి వచ్చేసరికి ఆ బెత్తెడూ అలాగే ఉంది.