గుడి వాకిలి దాకా నడిచి వెనక్కి తిరిగిన భక్తుడు: వినోబా భావే

కన్యాకుమారి నుంచి కాశ్మీర్ దాకా వెళ్లేవాళ్ల వీడియోలు మనకి రోజూ కనిపిస్తూనే ఉంటాయి. బైక్ మీద వెళ్లేవాళ్లున్నారు, నడిచి వెళ్లేవాళ్లూ ఉన్నారు. వెనకాల ఒక వ్యాన్, చేతికి స్టెప్స్ లెక్కపెట్టే వాచ్. ఈరోజు చెప్పుకోబోయే మనిషి 55 ఏళ్ల వయసులో, కడుపులో అల్సర్ పెట్టుకుని నడక మొదలుపెట్టి, 13 ఏళ్ల పాటు దేశమంతా తిరిగారు. మనం మాత్రం ఆయన్ని స్కూల్లో సోషల్ పుస్తకంలో భూదానోద్యమం అనే చిన్న ప్రశ్నగా చదివి వదిలేశాం. నాకైతే ఆయన ముందు భక్తుడు, ఆ తర్వాతే ఉద్యమకారుడు.

అసలు పేరు వినాయక్ నరహరి భావే. 1895 సెప్టెంబర్ 11న మహారాష్ట్రలోని గాగోదే అనే చిన్న ఊళ్లో పుట్టారు. తల్లి రుక్మిణి పెద్దగా చదువుకోలేదు, భక్తి మాత్రం చాలా ఎక్కువ. ఒకసారి ఆవిడ దేవుడికి లక్ష బియ్యపు గింజలు సమర్పిస్తానని మొక్కుకుని, రోజూ కూర్చుని ఒక్కో గింజా లెక్కపెడుతోందట. అది చూసి తండ్రి ఒక సలహా ఇచ్చారు. ఒక తులం బియ్యం తూచి అందులో ఎన్ని గింజలున్నాయో చూస్తే, లక్షకి ఎంత బరువో తెలిసిపోతుంది, తక్కువ పడకుండా కాస్త ఎక్కువ వేస్తే అయిపోతుంది కదా అని. కోడ్ రాసే మా లాంటివాళ్లకి ఇది చక్కని ఆప్టిమైజేషన్! ఆవిడకి జవాబు తోచక కొడుకుని అడిగింది. గింజ తీసిన ప్రతిసారీ దేవుణ్ణి తలుచుకోవడమే అక్కడ అసలు పని, లెక్క కాదు అని ఆ పిల్లాడు చెప్పాడట.

1916లో ఇంటర్ పరీక్ష రాయడానికి బొంబాయి రైలెక్కి, మధ్యలో సూరత్‌లో దిగిపోయి కాశీ వెళ్లిపోయారు. అంతకు ముందే సర్టిఫికెట్లన్నీ తీసుకెళ్లి పొయ్యిలో పడేశారు. (మన ఇళ్లల్లో అయితే అమ్మ ఆ పొయ్యి దగ్గరికి కూడా రానిచ్చేది కాదు.) ఆ ఏడాది జూన్‌లో అహ్మదాబాద్ ఆశ్రమంలో గాంధీగారిని కలిశారు, ఇక ఆయనతోనే ఉండిపోయారు. తల్లి కోరిక గుర్తుపెట్టుకుని గీతను మరాఠీ పద్యాల్లో రాశారు, అదే గీతాయి. 1932లో ధూలియా జైల్లో తోటి ఖైదీలకి ఆదివారం ఆదివారం గీత చెప్పారు. పక్కన కూర్చుని అదంతా రాసుకున్న మనిషి సానే గురూజీ. ఈ పేరు కొంచెం గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

ఇక నడక సంగతి. 1951 ఏప్రిల్‌లో హైదరాబాద్ శివార్లలోని శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం ఉంటే, వార్ధా దగ్గర పవనార్ ఆశ్రమం నుంచి సుమారు 300 మైళ్లు నడిచే వచ్చారు. శ్రీరామనవమి రోజున హైదరాబాద్ జైల్లో ఉన్న కమ్యూనిస్టు ఖైదీలను కలిసి, తెలంగాణ పల్లెల దారి పట్టారు. అవి సాయుధ పోరాటం రోజులు. ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. అవును, మన ఇక్కత్ చీరల పోచంపల్లే. అక్కడ భూమి లేని దళిత కుటుంబాల వాళ్లు బతకడానికి 80 ఎకరాలు కావాలని అడిగారు. ప్రభుత్వానికి రాస్తానని చెప్పి, ఈలోగా ఊళ్లోవాళ్లు ఎవరైనా ఇవ్వగలరా అని ఆయన అక్కడున్నవాళ్లని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఆ రాత్రి వినోబాకి సరిగ్గా నిద్ర పట్టలేదట. మర్నాటి నుంచి ఊరూరా భూమి అడగడం మొదలైంది. తెలంగాణలోనే 51 రోజుల్లో 12 వేల ఎకరాలు దాటాయి.

అదే ఏడాది ప్రణాళికా సంఘంతో మాట్లాడటానికి నెహ్రూగారు ఢిల్లీకి పిలిస్తే, పవనార్ నుంచి రెండు నెలలు నడిచి వెళ్లారు. తులం లెక్క ఇక్కడా కుదరదన్నమాట. తెల్లవారుజామున మూడింటికే లేచి ప్రార్థన, చీకట్లోనే లాంతరు వెలుగులో బయల్దేరడం, రోజుకి పది పన్నెండు మైళ్లు, తిండి ఎక్కువగా పెరుగు, పాలు, తేనె. 1957 ఏప్రిల్‌లో కన్యాకుమారి. 1959లో కాశ్మీర్ వెళ్తుంటే పీర్ పంజాల్ కొండల కింద వానలు ఆపేశాయి. ఈ కొండ దాటలేకపోతే దేవుడు వద్దన్నాడనుకుని వెనక్కి పోతాను గానీ వేరే దారిలో చుట్టూ తిరిగి వెళ్లనన్నారు. వాన తగ్గింది, 13 వేల అడుగులకి పైన ఉన్న కనుమ దాటారు. 1964లో మళ్లీ పవనార్ చేరారు.

అంతా విజయమే అని రాయలేను. 5 కోట్ల ఎకరాలు అనుకుంటే 40 లక్షలకి పైగా వచ్చాయి. వాటిలో చాలావరకు రాళ్ల నేలలు, కోర్టు తగాదాల్లో ఉన్నవి. పేదల చేతికి నిజంగా చేరింది ఇంకా తక్కువ. ఎమర్జెన్సీ సమయంలో ఆయన వైఖరి మీద విమర్శలూ వచ్చాయి. 1982లో తిండి, మందులు మానేసి నవంబర్ 15న, దీపావళి రోజున వెళ్లిపోయారు.

నన్ను ఈ పోస్ట్ రాయించినవి ఎకరాలు కాదు, దారిలో వచ్చిన గుళ్లు.

1953 సెప్టెంబర్‌లో దేవఘర్ వచ్చింది. అక్కడి వైద్యనాథ జ్యోతిర్లింగం మనందరికీ తెలిసిందే. హరిజనులతో (అప్పటి మాట అది) కలిసి దర్శనానికి వెళ్తే పండాలు కొట్టారు. అడ్డుపడిన తోటివాళ్లకి ఎక్కువ దెబ్బలు తగిలాయి. ఆయనకీ చెవి మీద దెబ్బ పడి వినికిడి దెబ్బతింది. 1934లో గాంధీగారి కారు మీద దాడి జరిగిందీ ఆ ఊళ్లోనే. కొట్టినవాళ్లని శిక్షించొద్దని వినోబా ప్రకటన ఇచ్చారు.

1955లో పూరీ. జగన్నాథుడి గుమ్మం దాకా వెళ్లారు. వెంట ఉన్న ఒక ఫ్రెంచ్ మహిళకి ప్రవేశం లేదన్నారు. ఆయనకి ఏ అడ్డూ లేదు, లోపలికి వెళ్లి రెండు నిమిషాల్లో దర్శనం చేసుకుని రావొచ్చు. భక్తితో వచ్చిన మనిషిని బయట నిలబెట్టి తాను వెళ్లలేనని తిరిగి వచ్చేశారు. 1957లో గురువాయూర్‌లోనూ ఇదే జరిగింది. అక్కడ వెంట ఉన్నవాళ్లు క్రైస్తవులు.

ఇక్కడ మన వ్యూయర్స్‌లో కొందరు ఒప్పుకోకపోవచ్చు. గుడి ఆచారాన్ని గుడికే వదిలెయ్యాలి అంటారు. అది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. కానీ వినోబా తోసుకుని వెళ్లలేదు, ధర్నా చెయ్యలేదు. తన దర్శనాన్ని మాత్రమే వదులుకున్నారు. నాలుగు నెలల ముందు స్లాట్ బుక్ చేసుకుని వెళ్లే మనకి అది ఎంత కష్టమో తెలుసు. క్యూలో పక్కనున్నవాళ్లని ఆపేస్తే నేను వెనక్కి తిరుగుతానా అంటే, గట్టిగా చెప్పలేను.

1958లో పండరిపురం. జ్ఞానదేవుడి, తుకారాం అభంగాలు చదువుకుంటూ పెరిగిన మనిషికి అది ఇంటి దేవుడి గుడి లాంటిది. అక్కడ దళితులకి తలుపులు తెరుచుకున్నది 1947లోనే, అదీ జైల్లో గీత రాసుకున్న సానే గురూజీ నిరాహార దీక్ష చేశాక. ఇప్పుడు వినోబా వెంట ఒక ముస్లిం యువతి, ఒక జర్మన్ మహిళ ఉన్నారు. ఈసారీ బయటి నుంచే దండం పెట్టి వెళ్లిపోవడానికి ఆయన సిద్ధంగానే ఉన్నారు. గుడివాళ్లు అందరినీ రమ్మన్నారు. పుండరీకుడి ఇటుక మీద నిలబడ్డ స్వామి ముందు నిలబడి వినోబా చాలాసేపు ఏడ్చారు. ఆ ఇద్దరు ఆడవాళ్లూ పక్కనే ఉన్నారు.