తీర్పు వినకుండానే కన్నుమూసిన వాది: ఎడ్డీ మాబో జీవితం

ఆస్ట్రేలియా ఈశాన్య కొసకూ పాపువా న్యూగినీకీ మధ్య ఉన్న సముద్రాన్ని టోరెస్ జలసంధి అంటారు. ఆ జలసంధి తూర్పు అంచున మెర్ అనే చిన్న ద్వీపం ఉంది. ఆంగ్లేయులు దానికి ముర్రే ద్వీపమని పేరు పెట్టారు. అక్కడ పుట్టిన ఒక తోటమాలి వేసిన దావా, ఆస్ట్రేలియా భూచట్టానికి రెండు శతాబ్దాలుగా పునాదిగా ఉన్న భావనను కూల్చివేసింది. ఆయనే ఎడ్డీ కోయికి మాబో. 1992 జూన్ 3న తీర్పు వెలువడేనాటికి ఆయన మరణించి నాలుగు నెలలు దాటింది. ఏటా జూన్ 3ను ఆస్ట్రేలియాలో మాబో దినంగా పాటిస్తున్నారు.

మేనమామ ఇంట పెరిగిన బిడ్డ

మాబో 1936 జూన్ 29న మెర్ ద్వీపంలోని లాస్ గ్రామంలో జన్మించారు. పుట్టిన కొద్దికాలానికే తల్లి పోయిపే మరణించారు. ద్వీపవాసుల ఆచారం ప్రకారం మేనమామ బెన్నీ మాబో, ఆయన భార్య మైగా ఆ శిశువును దత్తత తీసుకున్నారు. ఆ దత్తతకు కాగితం లేదు, ముద్ర లేదు. ఊరంతటికీ తెలిసిన విషయం కనుక అక్కడ వాటి అవసరం ఎవరికీ కలగలేదు. దశాబ్దాల తరువాత న్యాయస్థానంలో ఈ దత్తతే వివాదాంశమైంది.

మెరియమ్ ప్రజలు సముద్రంలో చేపలు పట్టేవారే అయినా ప్రధానంగా తోటల సాగు చేసేవారు. అగ్నిపర్వత మట్టితో సారవంతమైన ఆ నేలలో ప్రతి చెక్కకూ యజమాని ఉండేవాడు. చెట్లూ రాళ్లూ సరిహద్దులను సూచించేవి. తండ్రి నుంచి కొడుకుకు హక్కు సంక్రమించేది. ఒకరి తోటలో మరొకరు అడుగుపెట్టరాదని, తనది కానిదానిని ముట్టరాదని మాలో అనే దైవం పేరిట వెలసిన ధర్మం శాసించేది. ఏ నేల ఎవరిదో, తమ వంతు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో బెన్నీ మాబో పొలాల వెంట నడిపిస్తూ బాలుడికి నేర్పారు.

యుక్తవయసులో ద్వీప మండలి నిబంధనను ఉల్లంఘించారన్న కారణంతో ఆయనకు బహిష్కరణ విధించారు. ముత్యపు చిప్పల వేట సాగించే పడవల్లో పనిచేసి, ప్రధాన భూభాగానికి చేరి, రైలు పట్టాల మరమ్మతు కూలీగా, చెరకు నరికే కూలీగా బతికారు. 1959లో బోనిటా నీహౌను వివాహం చేసుకున్నారు. సొంత పిల్లలు, దత్తత పిల్లలు కలిపి వారికి పదిమంది సంతానం. టౌన్స్‌విల్ నగరంలో స్థిరపడిన మాబో కార్మిక సంఘాలలోనూ ఆదివాసీ హక్కుల ఉద్యమంలోనూ చురుకుగా పాల్గొన్నారు. తమ పిల్లలు సొంత భాషకూ పాటకూ ఆటకూ దూరమవుతున్నారన్న ఆవేదనతో 1973లో అక్కడే నల్లజాతి సమాజ పాఠశాలను ప్రారంభించి ఏళ్ల తరబడి నడిపారు.

భూమి తనది కాదని తెలిసిన రోజు

1967 నుంచి ఆయన జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయంలో తోటమాలిగా పనిచేశారు. విరామ వేళల్లో గ్రంథాలయానికి వెళ్లి, తమ ద్వీపాల గురించి శ్వేతజాతి పండితులు రాసిన గ్రంథాలను చదివేవారు. చరిత్రకారులు హెన్రీ రేనాల్డ్స్, నోయెల్ లూస్‌లతో అక్కడే స్నేహం కుదిరింది. ఒకనాడు మాటల మధ్య మెర్‌లోని తన భూమిని ప్రస్తావించినప్పుడు వారు నొచ్చుకుంటూనే నిజం చెప్పవలసి వచ్చింది. 1879లో క్వీన్స్‌లాండ్ ఆ ద్వీపాలను కలుపుకొంది కనుక చట్టం దృష్టిలో ఆ నేలంతా ప్రభుత్వానిదేనని వివరించారు. తాతముత్తాతల నుంచి అనుభవంలో ఉన్న తోట తనది కాదన్న మాట మాబోను నిశ్చేష్టుణ్ని చేసింది.

ఆ చట్టం వెనుక ఉన్న భావనకు లాటిన్‌లో టెర్రా నల్లియస్ అని పేరు. ఎవరికీ చెందని భూమి అని అర్థం. బ్రిటిష్‌వారు వచ్చేనాటికి అక్కడ మనుషులు ఉన్నా, చట్టం గుర్తించదగిన భూస్వామ్యం ఏదీ లేదన్నది దాని సారాంశం. 1971లో యోల్ంగు ఆదివాసులు ఉత్తర ప్రాంతంలో గనుల తవ్వకానికి వ్యతిరేకంగా వేసిన దావా కూడా ఇటువంటి వాదన వద్దనే ఓడిపోయింది.

పదేళ్ల వ్యాజ్యం

1981లో జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయంలో జరిగిన భూహక్కుల సదస్సులో మాబో మెర్ ద్వీపపు వారసత్వ పద్ధతిని వివరించారు. న్యాయస్థానంలో ఈ అంశాన్ని తేల్చుకోవాలన్న నిర్ణయం అక్కడే రూపుదిద్దుకొంది. 1982 మే 20న మాబోతోపాటు సామ్ పాసీ, డేవిడ్ పాసీ, సెలూయా మాపో సలీ, జేమ్స్ రైస్ ఆ దేశ అత్యున్నత న్యాయస్థానమైన ఆస్ట్రేలియా హైకోర్టులో దావా వేశారు. న్యాయవాది రాన్ కాస్టన్ వారి పక్షాన వాదించారు.

1985లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం దావాను మొదలంటా తుడిచివేసే చట్టం తెచ్చింది. ద్వీపవాసులకు ఏ భూహక్కు ఉండి ఉన్నా, 1879 నుంచే పరిహారం లేకుండా అది రద్దయిందని ఆ చట్టం ప్రకటించింది. 1988 డిసెంబరు 8న హైకోర్టు నలుగురు ముగ్గురుగా చీలి, ఆ చట్టం 1975 నాటి జాతివివక్ష నిరోధక చట్టానికి విరుద్ధమని తేల్చింది. ఒక్క న్యాయమూర్తి అటు మొగ్గినా వ్యాజ్యం అక్కడితో ముగిసేది.

వాస్తవాల విచారణ క్వీన్స్‌లాండ్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి మొయినిహన్ ఎదుట సాగింది. ఆయన ద్వీపానికి సైతం వెళ్లి సాక్ష్యాలు నమోదు చేశారు. పెద్దలు చెప్పగా తాను విన్నదానిని మాబో వివరిస్తుంటే, అది వినికిడి సాక్ష్యమని ప్రభుత్వ న్యాయవాదులు పదేపదే అభ్యంతరపెట్టారు. లిఖిత చట్టం లేని సమాజంలో ధర్మం ఒక తరం నోటి నుంచి మరో తరం చెవికే చేరుతుంది. దానిని సాక్ష్యంగా స్వీకరించకపోతే అటువంటి సమాజం న్యాయస్థానంలో ఎన్నటికీ గెలవలేదు. న్యాయమూర్తి ఆ వాంగ్మూలాలను నమోదు చేయడానికే మొగ్గుచూపారు.

అయితే 1990 నవంబరులో వెలువడిన నివేదిక మాబోకు వ్యక్తిగతంగా పెద్ద దెబ్బ. బెన్నీ మాబో వారసుడిగా ఆయన కోరిన భూములపై హక్కును న్యాయమూర్తి అంగీకరించలేదు. ఊరికంతా తెలిసిన సంబంధం న్యాయస్థానం కోరిన రీతిలో రుజువు కాలేదు. డేవిడ్ పాసీ, జేమ్స్ రైస్‌ల వాదనల బలంపైనా, మెరియమ్ ప్రజలందరి ఉమ్మడి హక్కుపైనా వ్యాజ్యం ముందుకు సాగింది. మాబో పేరు మాత్రం దావాకు నిలిచింది. క్యాన్సర్‌తో బాధపడుతూ 1992 జనవరి 21న, 55 ఏళ్ల వయసులో ఆయన బ్రిస్బేన్‌లో కన్నుమూశారు.

తీర్పు, దాని పరిధి

హైకోర్టు ఆరుగురు ఒక్కరుగా మెరియమ్ ప్రజల పక్షాన తీర్పిచ్చింది. న్యాయమూర్తి బ్రెన్నన్ ప్రధాన తీర్పు రాశారు. బ్రిటిష్ రాజ్యానికి సార్వభౌమాధికారం లభించడం వేరు, ప్రతి సెంటు భూమికీ సంపూర్ణ యజమాని కావడం వేరని న్యాయస్థానం విడదీసి చూపింది. ఆదివాసుల సంప్రదాయ హక్కు వలసపాలనతో దానంతటదే నశించదని, దాని స్వరూపాన్ని వారి ఆచారాలే నిర్ణయిస్తాయని పేర్కొంది. అదే సమయంలో, ప్రభుత్వం చట్టబద్ధంగా ఇతరులకు పూర్తి యాజమాన్యం ఇచ్చిన చోట ఆ హక్కు అంతరించినట్లేనని కూడా స్పష్టం చేసింది. నగరాలలో, స్థిరపడిన వ్యవసాయ ప్రాంతాలలో భూములు కోల్పోయిన ఎందరికో ఈ తీర్పు ఊరట ఇవ్వలేకపోయింది. 1993లో పార్లమెంటు చేసిన సంప్రదాయ భూహక్కుల చట్టం 1994 జనవరి 1న అమలులోకి వచ్చింది.

1995 జూన్‌లో టౌన్స్‌విల్‌లోని మాబో సమాధిపై శిలాఫలకాన్ని ఆవిష్కరించారు. ఆ రాత్రే దుండగులు దానిని జాతిద్వేష రాతలతో అపవిత్రం చేశారు. దాంతో కుటుంబసభ్యులు అదే ఏడాది సెప్టెంబరులో భౌతికకాయాన్ని మెర్ ద్వీపానికి తరలించి సంప్రదాయ లాంఛనాలతో ఖననం చేశారు. ఆయన తోటమాలిగా పనిచేసిన విశ్వవిద్యాలయంలోని గ్రంథాలయానికి 2008లో ఆయన పేరే పెట్టారు.

తెలుగువారికీ ఈ ప్రశ్న కొత్తది కాదు. విశాఖ మన్యంలో ప్రైవేటు సంస్థలకిచ్చిన గనుల లీజులను సమత అనే స్వచ్ఛంద సంస్థ సవాలు చేయగా, షెడ్యూల్డు ప్రాంతాల భూమిని గిరిజనేతరులకు లీజుకిచ్చే అధికారం ప్రభుత్వానికి సైతం లేదని 1997లో మన సుప్రీంకోర్టు ప్రకటించింది. ఒడిశాలోని నియమగిరి కొండల విషయంలో గ్రామసభల అభిప్రాయం తీసుకోవాలని 2013లో ఆదేశించింది. మన తీర్పులకు ఆధారం రాజ్యాంగపు అయిదో షెడ్యూలు, అటవీ హక్కుల చట్టం. మాబో దావాకు అటువంటి రక్షణ ఏదీ లేదు. తాతల నాటి చెట్టూ రాయీ, పెద్దలు నేర్పిన హద్దులే ఆయన చూపగలిగిన పత్రాలు. ఆయన సొంత తోటకు హక్కు దక్కకపోయినా, ఆ పత్రాలు చెల్లుతాయని మాత్రం ఆయన ప్రజల పక్షాన రుజువైంది.