రాజమహేంద్రవర వీథులలో వీరేశలింగం : బాల్యస్థల పరిశీలన

మహాపురుషుల జీవితాలను గ్రంథాల ద్వారా తెలుసుకోవడం ఒక పద్ధతి. వారు పుట్టి పెరిగిన చోట కాలినడకన సంచరిస్తూ ఆ జీవితాన్ని పునఃపరిశీలించడం మరొక పద్ధతి. కందుకూరి వీరేశలింగం పంతులుగారి విషయంలో ఈ రెండవ పద్ధతి విశేషంగా ఉపకరిస్తుంది. ఆయన సంస్కారదృష్టికి ఆంగ్లవిద్య, బ్రహ్మసమాజ ప్రభావం కారణాలని విమర్శకులు సాధారణంగా చెబుతారు. అది సత్యమే గాని సమగ్రం కాదు. తాను అక్షరాలు దిద్దిన ఊరిలోనే, తనను బాలునిగా ఎరిగిన ఇరుగుపొరుగుల నడుమనే ఆయన సంస్కరణకు పూనుకున్నారు. ఆ కార్యంలోని కాఠిన్యం రాజమహేంద్రవర వీథులలో నడిచినప్పుడు గాని పూర్తిగా బోధపడదు.

ఈ సంచారానికి ఆరంభస్థానం వంకాయలవారి వీథిలోని కందుకూరివారి గృహం. 1848 ఏప్రిల్ 16వ తేదీన పున్నమ్మ, సుబ్బారాయుడు దంపతులకు వీరేశలింగం జన్మించారు. పూర్వులు కందుకూరు నుండి వలస వచ్చినందున ఆ గ్రామనామమే వంశనామమయింది. శైశవంలోనే ఆయనకు మశూచికం సోకింది. నాలుగేండ్లు నిండేసరికి తండ్రి గతించారు. పెదతండ్రి వెంకటరత్నం సంరక్షణలో బాలుడు పెరిగాడు. ఇప్పుడు స్మారకంగా నిలిచివున్న ఆ ఇంటి ముంగిట నిలిచినవారికి మొదట స్ఫురించవలసినవారు సంస్కర్త కారు. వ్యాధిపీడితుడూ పితృహీనుడూ అయిన ఒక పసివాడు.

అయిదవ యేట ఆయన వీథిబడిలో చేరారు. బాలరామాయణం, ఆంధ్రనామసంగ్రహం, అమరం, రుక్మిణీకల్యాణం, సుమతీశతకం, కృష్ణశతకం అక్కడి పాఠ్యాలు. నన్నయభట్టు భారతాంధ్రీకరణకు ఉపక్రమించిన నగరంలో ఈ విద్య తరతరాలుగా సాగుతూ వచ్చినదే. పన్నెండవ యేట ఆయన ప్రభుత్వ జిల్లా పాఠశాలలో ప్రవేశించారు. 1853లో స్థాపితమైన ఆ పాఠశాలయే కాలక్రమంలో కళాశాలగా పరిణమించింది. ఈ విధంగా ఒకే ఊరిలో, ఒకే బాల్యంలో రెండు విద్యాసంప్రదాయాలు ఆయనలో సంగమించాయి. ఇది గమనార్హం. తరువాతి కాలంలో వితంతు వివాహానికి శాస్త్రసమ్మతి ఉన్నదని నిరూపించడానికి ఆయన పరాశరస్మృతిని ప్రమాణంగా స్వీకరించి పండితులతో వాదించారు. ప్రశ్నించే ధైర్యానికి జిల్లా పాఠశాల దోహదం చేస్తే, పండితుల భాషలోనే సమాధానం చెప్పే శక్తికి బీజం వీథిబడిలో పడింది.

ఈ బాల్యంలోనే ఒక వైపరీత్యం కూడా ఉన్నది. బాల్యవివాహాన్ని జీవితాంతం నిరసించిన ఆయనకు పదమూడవ యేటనే ఎనిమిదేండ్ల బాపమ్మతో వివాహమైంది. రాజ్యలక్ష్మమ్మగా ప్రసిద్ధి వహించిన సహధర్మచారిణి ఆమెయే. విద్యార్థిదశలో కేశవచంద్రసేనుని రచనలు చదివి, భూతప్రేతాలపై నమ్మకం వదలుకొని, ఆ భయం నిరాధారమని చూపడానికి ఆయన అర్ధరాత్రి వేళ శ్మశానానికి వెళ్లేవారు. ఆయన చేసిన తొలి సంస్కరణ బహుశా ఆ ఒంటరి నడకయే కావచ్చు.

నగరానికి కొద్ది మైళ్ల దిగువన, గోదావరిపై ధవళేశ్వరం ఉన్నది. 1852లో కాటన్ దొర ఆధ్వర్యంలో ఆనకట్ట పూర్తయిన నాటికి వీరేశలింగం నాలుగేండ్ల బాలుడు. అక్కడే ఆయన ఉపాధ్యాయులై 1874లో బాలికా పాఠశాలను నెలకొల్పారు. ఆ సంవత్సరమే వివేకవర్ధనిని ఆరంభించారు. మొదట మద్రాసులో, కొక్కొండ వెంకటరత్నం పంతులుగారి సంజీవనీ ముద్రాక్షరశాలలో ముద్రితమైన ఆ పత్రిక, తరువాత రాజమహేంద్రవరంలోని స్వంత ముద్రణాలయానికి మారింది. రాజశేఖరచరిత్రం ఆ పత్రికలోనే వెలువడింది. గోల్డుస్మిత్తు నవల ప్రేరణతో జనించినదే అయినా, అందులోని కథ ధవళేశ్వర, రాజమహేంద్రవర పరిసరాలలో పాదుకొన్నది. రచయిత నిత్యం నడిచిన నేలయే కథాస్థలమయింది.

1876లో పంతులుగారు రాజమహేంద్రవరానికి మరలి, తాను చదువుకొన్న విద్యాసంస్థలోనే తెలుగు పండితులయ్యారు. 1879లో వితంతు వివాహాన్ని సమర్థిస్తూ బహిరంగంగా ఉపన్యసించారు. 1881 డిసెంబరు 11న తమ గృహంలోనే గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మల వివాహం జరిపించారు. బసవరాజు గవర్రాజు, న్యాపతి సుబ్బారావు వంటి మిత్రులు అండగా నిలిచారు. కాకినాడలోని పైడా రామకృష్ణయ్యగారు ద్రవ్యసహాయం చేశారు. అయినా ఫలితం సాంఘిక బహిష్కారం. వంటవారు రాలేదు, నీళ్లు మోసేవారు మానుకొన్నారు. రాజ్యలక్ష్మమ్మగారు స్వయంగా గోదావరికి వెళ్లి నీళ్లు మోసుకొని వచ్చి, వివాహానికి వచ్చినవారికి వండిపెట్టారు.

ఈ ఘట్టాన్ని గ్రంథాలలో చదివినవారు, గోదావరి ఒడ్డు నుండి ఆ ఇంటి దిశగా ఒకసారి నడిచి చూడాలి. ఆమె బిందెతో వచ్చిన దారి అపరిచితుల దారి కాదు. ఇరుప్రక్కలా బంధువులు, స్నానఘట్టంలో ప్రతిదినం పలుకరించినవారు, వెనుకటి శుభకార్యాలలో ఒకే పంక్తిలో భుజించినవారు ఉండేవారు. వారి మౌనాన్ని దాటుకొంటూ రోజూ నడవడం వేదికపై ఉపన్యసించడం కంటె కష్టతరం. వీరేశలింగచరిత్రలో ఆమె పాత్రను కేవలం భర్తృసేవగా వర్ణించే వ్యాసకర్తలు ఈ దారిని పరిగణించినట్లు కనబడదు. సుమారు నలభై వితంతు వివాహాలు జరిగిన ఆ ఉద్యమభారంలో సగం ఆమెదే.

సంచారంలో తదుపరి స్థానం 1890లో పంతులుగారు నిర్మింపజేసిన పురమందిరం. తనను వెలివేసిన పురానికే ఆయన సభాభవనాన్ని సమకూర్చారు. 1906లో హితకారిణీ సమాజాన్ని స్థాపించి తమ ఆస్తిని దానికి సమర్పించారు. రాజ్యలక్ష్మమ్మగారు 1910లో, ఆయన 1919 మే 27న మద్రాసులో పరమపదించారు. వారి స్మృతిచిహ్నాలు గల ఆనందోద్యానంతో ఈ సంచారం ముగుస్తుంది.

జన్మగృహం నుండి ఆనందోద్యానం వరకు గల దారి స్వల్పమే. ఆ స్వల్పమైన దారిలో తెలుగు నవల, వివేకవర్ధని, స్త్రీవిద్య, వితంతు వివాహం అన్నీ ఎదురవుతాయి. ఆయన స్వీయచరిత్రమును బోధించే ఉపాధ్యాయులు విద్యార్థులను ఒక దినం ఈ వీథులలో నడిపిస్తే, గ్రంథస్థ విషయం అనుభవగోచరమవుతుంది. ఊరు విడిచి పోకుండా ఊరిని మార్చబూనిన వాని సాహసమెంతటిదో అప్పుడు గాని తెలియదు.